కడప నుంచి అడవి నడకకు: తలకోనా, కోరింగా?
కాళ్లకు పని కావాలంటే తలకోన, సముద్రం పక్కన అడవి చూడాలంటే కోరింగ. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోదే, కడపలో పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు, 270 అడుగుల జలపాతం. కాకపోతే వానల తర్వాతే వెళ్లండి, ఎండాకాలంలో ధార సన్నబడుతుంది.

కోరింగ అలా కాదు. కాకినాడ దాకా రాత్రంతా ప్రయాణం, పైగా అది జాతీయ పార్కు కాదు, అభయారణ్యం. నడక కూడా మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీదే, కొండెక్కే పని లేదు. కానీ బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేర్లు, ఆటుపోట్లతో పెరిగి తగ్గే కాలువలు మన సీమలో ఎక్కడ దొరుకుతాయి? పడవ ఎక్కాలంటే పోటు సమయం ముందే కనుక్కోండి. పిల్లలుంటే నేనైతే కోరింగే అంటాను, రెండు మూడు రోజుల సెలవు దొరకాలంతే.