ముందు ఫైళ్లా, చర్చలా? మూతపడే మాడ్ సైట్‌ని దాచుకోవడానికి ఏ దారి మేలు

గేమ్ మాడ్లు, అంటే అభిమానులు ఆటకు చేసే మార్పుల ఫైళ్లు, పంచుకునే సైట్‌ని ఫలానా తేదీన మూసేస్తున్నామని నోటీసు పడగానే జనం డౌన్‌లోడ్ బటన్ల మీద పడతారు. నచ్చిన మాడ్లు, మ్యాపులు, స్కిన్లు దొరికినన్ని హార్డ్ డిస్క్‌లోకి లాగేసి హమ్మయ్య అనుకుంటారు. నా లెక్కలో అది రెండో పని. ముందు దాచాల్సింది ఫోరమ్ చర్చల్ని.

కాస్త పేరున్న మాడ్ ఏదైనా ఎవరో ఒకరి పాత డిస్క్‌లో జిప్ ఫైలుగా పడే ఉంటుంది. సైట్ పోయిన ఐదేళ్లకు "ఇది ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగినా తవ్వి తీసి ఇచ్చేవాళ్లు దొరుకుతారు. చర్చ సంగతి వేరు. దాన్ని ఎవరూ దించుకోరు. ఒక్క సర్వర్‌లో ఉంటుంది, ఆ సర్వర్‌తోపాటే పోతుంది. పైగా మాడ్‌ని నిజంగా నడిపించే కిటుకులన్నీ ఉండేది అక్కడే. గేమ్ ఏ ప్యాచ్ (అప్‌డేట్) మీద ఉండాలి, ఏ మాడ్ తర్వాత ఏది లోడ్ చేయాలి, ఫలానా చోట క్రాష్ అయితే కాన్ఫిగ్ ఫైల్లో ఏ లైను మార్చాలి, అన్నీ. మాడ్‌తో వచ్చే సూచనల ఫైలు రీడ్‌మీలో "ఇబ్బంది వస్తే ఫోరమ్ చూడండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్న మాడర్లకు కొదవ లేదు.

ఒక్క మినహాయింపు ఉంది. పది మంది కూడా దించుకోని చిన్న మాడ్, ఎవరో రెండు వారాలు కూర్చుని చేసిన ఒక్క మ్యాపు లాంటివి. వాటికి వేరే కాపీ ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే ఫైళ్లు దించేటప్పుడు డౌన్‌లోడ్ లెక్క తక్కువున్న వైపు నుంచి మొదలుపెట్టాలి. జనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక దారులు చూద్దాం.

వేబ్యాక్ మెషీన్‌కి అప్పజెప్పడం

అందరికీ ముందు తట్టేది ఇదే. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్, తను పోగుచేసిన పాత పేజీల్ని 2001 నుంచి వేబ్యాక్ మెషీన్ పేరుతో అందరికీ చూపిస్తోంది. పేజీ అడ్రస్ ఇచ్చి సేవ్ చేయమంటే చాలు, మన మెషీన్‌లో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. దీని అసలు బలం అడ్రస్‌లో ఉంది. వేరే ఎక్కడో రాసిన పాత గైడ్‌లో చచ్చిన లింకు కనిపిస్తే, దాన్నే తీసుకెళ్లి అక్కడ అతికిస్తే పేజీ తెరుచుకుంటుంది. మిగతా ఏ పద్ధతిలోనూ ఈ సౌకర్యం ఇంత తేలిగ్గా దొరకదు.

చిక్కు ఎక్కడంటే, జనం ఒక థ్రెడ్ (ఒకే విషయం మీద సాగే చర్చ) మొదటి పేజీ సేవ్ చేసి థ్రెడ్ మొత్తం భద్రం అనుకుంటారు. నలభై పేజీల థ్రెడ్‌లో అసలు పరిష్కారం ముప్పై ఏడో పేజీలో ఉంటుంది. అది వేరే అడ్రస్, దాన్ని ఎవరూ సేవ్ చేయలేదు. సేవ్ చేసిన కాపీనే తెరిచి, అందులోంచి రెండో పేజీకి, చివరి పేజీకి వెళ్లి చూస్తే కానీ ఈ సంగతి బయటపడదు. లాగిన్ అయితేనే కనిపించే విభాగాలు, అటాచ్‌మెంట్లు వేబ్యాక్‌కి అందవు. నొక్కాక కాసేపు ఆగి అప్పటికప్పుడు పుట్టే లింకు ఇచ్చే డౌన్‌లోడ్ బటన్ల దగ్గర కూడా అది చేతులెత్తేస్తుంది.

ఇంకో మాట. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి, సైట్ కొన్ని రోజులపాటు అందుబాటులో లేకుండా పోయింది. సమాచారం నిలిచింది, సైట్ తిరిగొచ్చింది. కానీ ఉన్న ఒక్క కాపీ అక్కడే ఉంచి నిశ్చింతగా ఉండొచ్చని మాత్రం నేను చెప్పను.

మనమే క్రాల్ చేసుకోవడం

శ్రమ ఎక్కువ, ఫలితమూ ఎక్కువ. డబ్ల్యూగెట్, గ్రాబ్‌సైట్, బ్రౌజర్‌ట్రిక్స్ లాంటి పనిముట్లు (క్రాలర్లు) సైట్‌లో లింకు వెంట లింకు పట్టుకుని పోతూ మొత్తాన్ని వార్క్ అనే ఫార్మాట్‌లో రాసిపెడతాయి. 2009లో ఐఎస్ఓ ప్రమాణమైన ఫార్మాట్ ఇది. పేజీ ఒక్కటే కాదు, ఏ అడ్రస్‌ని ఎప్పుడు అడిగాం, సర్వర్ ఏ హెడర్లతో (జవాబుతో పంపే వివరాలతో) ఏం జవాబిచ్చింది అన్నదంతా అందులో ఉంటుంది. హెచ్‌టీట్రాక్ అనే మరో పనిముట్టుతో తీసిన కాపీ తెరిచి చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, అది లింకుల్ని తనకు తగ్గట్టు తిరగరాస్తుంది, కాబట్టి అచ్చంగా అసలు పేజీ మిగలదు. చదువుకోవడానికి హెచ్‌టీట్రాక్, భద్రపరచడానికి వార్క్.

ఫోరమ్‌ని క్రాల్ చేయడంలో గోతులు కొన్ని ఉన్నాయి. పీహెచ్‌పీబీబీ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఫోరమ్ తీసుకోండి. అడ్రస్ చివర సెషన్ నంబరు (ఒక్కో సందర్శనకు ఇచ్చే గుర్తు) తగిలించిందంటే అదే పేజీ ప్రతిసారీ కొత్త పేజీలా కనిపించి, క్రాలర్ అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. థ్రెడ్‌కి ఒక అడ్రస్, అందులో ప్రతి పోస్టుకీ ఇంకో అడ్రస్ ఉంటాయి, తెరిస్తే వచ్చేది ఒకటే పేజీ. వీటిని వదిలేయమని ముందే చెప్పకపోతే వెయ్యి పేజీల సైట్ పదివేలు అవుతుంది. గడువు దాటిపోయేది సాధారణంగా ఇక్కడే.

లాగిన్ అయి క్రాల్ చేసేవాళ్లకు ఇంకో గండం. క్రాలర్‌కి విచక్షణ ఉండదు, కనబడ్డ ప్రతి లింకూ నొక్కుతుంది, లాగౌట్ లింకుతో సహా. నొక్కిన మరుక్షణం నుంచి అది తెచ్చేవన్నీ "మీరు లాగిన్ కాలేదు" అనే పేజీలే. రాత్రంతా నడిచి, పొద్దున చూస్తే జీబీల కొద్దీ అదే వాక్యం! ఆ లింకును మినహాయించాలి. అలాగే సొంత అకౌంట్‌తో కాకుండా ఇందుకోసం తెరిచిన ఖాళీ అకౌంట్‌తో చేయాలి. వార్క్‌లో మన రిక్వెస్టులూ రికార్డవుతాయి కాబట్టి లాగిన్ కుకీ (మనమెవరో సైట్‌కి చెప్పే గుర్తు) అందులోకి పోతుంది, ఇన్‌బాక్స్ తెరిస్తే ప్రైవేట్ మెసేజిలూ పోతాయి. అది తెలియకుండా ఫైలు పబ్లిక్‌లో పెట్టేస్తే గోవిందా.

క్రాల్ చేసేటప్పుడు ఫోరమ్‌లో కనిపించే బొమ్మల మీద ఓ కన్నేయండి. అవి చాలావరకు ఆ సైట్‌లో ఉండవు. 2017లో బొమ్మలు పెట్టుకునే సైట్ ఫోటోబకెట్ తన దగ్గరున్న బొమ్మల్ని ఇతర సైట్లలో చూపించుకోవడానికి ఏడాదికి 399 డాలర్లు అడగ్గానే లెక్కలేనన్ని పాత ట్యుటోరియళ్లు రాత్రికి రాత్రి బొమ్మలు పోయి బోసిపోయాయి. "కింద చూపిన చోట క్లిక్ చేయండి" అని ఉంటుంది, కింద ఏమీ ఉండదు. బయటి హోస్ట్‌ల నుంచి వచ్చే బొమ్మల్ని కూడా తెమ్మని క్రాలర్‌కి విడిగా చెప్పాలి.

మనం తీసిన వార్క్‌ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి అప్‌లోడ్ చేయొచ్చు గానీ, అది దానంతటది వేబ్యాక్‌లో కనిపించదు, విడి ఫైలుగానే ఉంటుంది. వేబ్యాక్‌లోకీ వెళ్లాలంటే ఆర్కైవ్ టీమ్ వాళ్లని కదిలించడం మంచి దారి. జేసన్ స్కాట్ 2009లో మొదలుపెట్టిన స్వచ్ఛంద బృందం అది. ఆ ఏడాది అక్టోబరులో జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌ని యాహూ మూసేస్తుంటే పట్టినంత పట్టుకుని, తర్వాతి ఏడాది 600 జీబీకి పైగా సరుకును టొరెంట్‌గా వదిలింది వాళ్లే. సైట్ పెద్దదై గడువు దగ్గరపడితే ఒంటరిగా పోరాడటం కన్నా వాళ్లకు కబురు పెట్టడమే తెలివైన పని.

యజమానిని డేటాబేస్ అడగడం

ఇది ఎవరికీ తట్టదు, కొందరికి తట్టినా మొహమాటం. నిజానికి సైట్ నడిపేవాళ్లు చాలామంది అలసిపోయి మూసేస్తుంటారు గానీ, చెరిపేయాలన్న కోరికతో కాదు. మర్యాదగా ఒక మెయిల్ రాస్తే డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ), అటాచ్‌మెంట్ల ఫోల్డర్ చేతిలో పెట్టేవాళ్లూ ఉంటారు. క్రాలర్ వారం రోజులు తిప్పలుపడి తెచ్చేది ఒక్క ఫైల్లో వస్తుంది, ఏ పేజీ తప్పిపోయిందన్న బెంగ ఉండదు.

కానీ ఆ డంప్‌లో సభ్యుల ఈమెయిళ్లు, ఐపీ అడ్రసులు, హ్యాష్ చేసిన (సంకేతంగా మార్చిన) పాస్‌వర్డ్‌లు, ప్రైవేట్ మెసేజిలు అన్నీ ఉంటాయి. దాన్ని ఉన్నది ఉన్నట్టు బయటపెట్టడం సభ్యులకు ద్రోహం. యజమానిని ఆ పట్టికలు తీసేసి ఇవ్వమనడం, లేదా పబ్లిక్ పోస్టుల్ని మాత్రం మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి ఇవ్వమనడం పద్ధతి. ఇంకో లోటు, డేటాబేస్‌లో మాటలుంటాయి గానీ సైట్ రూపం ఉండదు. నాకైతే అది పెద్ద నష్టమనిపించదు. డంప్, వార్క్ రెండిట్లో ఒకటే దక్కుతుందంటే, యజమాని నమ్మదగినవాడైతే, డంపే తీసుకుంటాను.

మాడ్లను కొత్త ఇంటికి మార్చడం

ఇది ఫైళ్ల సంగతి. నెక్సస్ మాడ్స్, 2002 నుంచి ఉన్న మాడ్‌డీబీ, స్టీమ్ వర్క్‌షాప్, గిట్‌హబ్, ఇలా చోట్లు చాలా ఉన్నాయి. కొత్త ఆటగాళ్లు వెతికేది అక్కడే కాబట్టి మాడ్ బతికి ఉండాలంటే అక్కడ ఉండాల్సిందే. భద్రత విషయంలో మాత్రం అంత ధీమా వద్దు. గేమ్ ఫైళ్ల సైట్ ఫైల్‌ఫ్రంట్ 2009 మార్చిలో మూసేస్తున్నామంది, అంతలో పాత వ్యవస్థాపకులే మళ్లీ కొనుక్కుని నిలబెట్టారు. గేమ్‌ఫ్రంట్‌గా పేరు మారాక 2016 ఏప్రిల్‌లో నిజంగానే మూతపడింది, ఆ తర్వాత మళ్లీ లేచింది. ఒకే గూడు ఇన్నిసార్లు కూలి లేస్తుంటే, దాన్నే నమ్ముకున్న మాడర్ గుండె ఏమైపోవాలి!

వర్క్‌షాప్ నాకు అన్నిటికన్నా తక్కువ నచ్చుతుంది. సబ్‌స్క్రయిబ్ చేయడం సులువే, కానీ రచయిత కొత్త వెర్షన్ పెడితే మన దగ్గరున్నదీ మారిపోతుంది. పాత వెర్షన్ కావాలంటే ముందే ఫోల్డర్ కాపీ చేసుకుని ఉండాలి. గిట్‌హబ్ స్క్రిప్టు మాడ్లకు బంగారం, టెక్స్చర్ ప్యాకులకు ఇరుకు, రిపాజిటరీలో ఒక్కో ఫైలు 100 ఎంబీ దాటనివ్వదు.

ఇక "అందరం డిస్కార్డ్‌కి వెళ్లిపోదాం" అనే మాట ప్రతి మూసివేత నోటీసు కిందా కనిపిస్తుంది. అది చాట్ యాప్, కబుర్లకు సరే. అక్కడి చర్చ సెర్చ్ ఇంజిన్లకు కనిపించదు, అక్కడ పెట్టిన ఫైలు లింకు బయట అతికిస్తే కొంతసేపటికి గడువు తీరిపోతుంది. దాచడం అనే పట్టికలో దానికి చోటివ్వను.

కొత్త చోట పెట్టడానికి అనుమతి అసలు ముడి. లైసెన్సు రాయని మాడ్ ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు పంచుకోవచ్చని కాదు అర్థం, హక్కు చేసినవాడిదే. 2021 జులైలో నెక్సస్ మాడ్స్, ఇకపై రచయితలు ఫైళ్లను పూర్తిగా తొలగించలేరు, అవి ఆర్కైవ్‌లోకి మాత్రమే వెళ్తాయి అని ప్రకటించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఇష్టం లేనివాళ్లు పాత ఫైళ్లు తీయించుకోవడానికి నెల రోజుల గడువు ఇచ్చారు, కొందరు తీయించుకున్నారు కూడా. భద్రపరచాలనుకునే నాలాంటివాళ్లకు నెక్సస్ నిర్ణయం నచ్చుతుంది, అయినా ఆ మాడర్ల కోపంలో న్యాయం లేదనలేను.

ఈ ముడిని మొదట్లోనే విప్పినవాళ్లు డూమ్ అనే షూటింగ్ గేమ్ జనం. గేమ్ 1993 డిసెంబరులో వస్తే, 1994 నుంచే దాని మాడ్లు దాచే ఐడీగేమ్స్ ఆర్కైవ్ నడుస్తోంది. అక్కడ ప్రతి వ్యాడ్ ఫైలు (డూమ్ మ్యాపులుండే ఫైలు) పక్కన ఒక టెక్స్ట్ ఫైలు ఉండి తీరాలి. చేసిందెవరు, ఏ ఎడిటర్ వాడారు, తెలిసిన బగ్‌లేమిటి, చివరికి పంచుకోవచ్చా, దీని మీద ఇంకొకరు కట్టుకోవచ్చా అన్నీ రచయిత చేతే నింపిస్తారు. ఆ ఆర్కైవ్ మొత్తాన్ని మిర్రర్ (నకలు) సర్వర్లు ఎక్కడికక్కడ కాపీ చేసుకుంటాయి. మూల సర్వర్ చేతులు మారినా, ముప్పై ఏళ్లు దాటినా, ఆ మ్యాపులు ఇంకా దొరకడానికి ఈ రెండే కారణాలు: కాగితం పక్కా, కాపీలు పలు. మాడ్ సైట్ నడిపేవాళ్లు మూసే రోజు దాకా ఆగక, తెరిచే రోజునే ఆ టెంప్లేటు ఎత్తుకోవడం మంచిది.

మరి ఏది?

గడువును బట్టి. రెండు మూడు రోజులే ఉంటే ఆర్కైవ్ టీమ్‌కి కబురు పెట్టి, ఈలోపు ముఖ్యమైన థ్రెడ్లను పేజీ పేజీగా వేబ్యాక్‌కి ఇవ్వండి. క్రాలర్ సెట్టింగులు నేర్చుకోవడానికి అది సమయం కాదు. నెల ఉంటే మొదటి రోజే యజమానికి మెయిల్ రాయండి, జవాబు కోసం చూడకుండా వార్క్ క్రాల్ మొదలుపెట్టండి, నిదానంగా, సెకనుకి ఒక రిక్వెస్టు మించకుండా. అసలే మూలుగుతున్న సర్వర్‌ని మనమే ముందుగా పడగొట్టకూడదు కదా. క్రాల్ నడుస్తుండగా తక్కువ డౌన్‌లోడ్లున్న మాడ్లను దించుతూ, ఒక్కో జిప్ పక్కన ఆ మాడ్ పేజీలోని వివరణ, వెర్షన్, తేదీ, రచయిత పేరు టెక్స్ట్ ఫైల్లో పెట్టండి. అన్నిటికీ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ల (ఫైలు మారితే మారిపోయే వేలిముద్రల్లాంటివి) జాబితా ఒకటి తయారుచేసి పబ్లిక్‌లో ఉంచండి. రేపు ఎవరో "నా దగ్గర అసలు కాపీ ఉంది" అన్నప్పుడు, అది అసలుదో ఎవరైనా చెయ్యి పెట్టినదో క్షణంలో తేలిపోతుంది. హ్యాష్‌ల జాబితాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అనుమతి ఉన్నవాటిని కొత్త సైట్‌కి ఎక్కించండి. లేనివాటిని ఇద్దరు ముగ్గురి డిస్కుల్లో వేర్వేరు చోట్ల ఉంచి, రచయితలకు పాత సైట్ మెసేజిల ద్వారానే రాయండి, మూతపడ్డాక వాళ్లను చేరే దారి ఉండదు. జవాబు రాకపోతే నేనైతే ఫైలు బయటపెట్టను, కానీ చెరపను కూడా. వద్దని రచయిత గట్టిగా చెప్తే పబ్లిక్ కాపీ తీసేసి, మాడ్ పేరు, హ్యాష్, "రచయిత కోరిక మీద తొలగించాం" అన్న ఒక్క వరుస మాత్రం జాబితాలో ఉంచుతాను.