మూడు కడ్డీల లాంచ్ టవర్: అంతా బాగుంది, పీఎల్ఏ బ్రాకెట్లు తప్ప

మోడల్ రాకెట్‌ను నిటారుగా పైకి పంపడానికి ఇంట్లో చేసుకునే లాంచ్ టవర్‌కు, 3డీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిన బ్రాకెట్లు వాడొద్దు. చాలాకాలం వాడాక ముందుగా చెప్పాల్సింది ఇదే. మిగతా టవర్ మీద పెద్దగా ఫిర్యాదు లేదు.

8 మి.మీ. గట్టి అల్యూమినియం కడ్డీలు మూడు, ఒక్కోటి 1.2 మీటర్లు, 120 డిగ్రీల ఎడంలో. వాటిని పట్టుకోవడానికి 9 మి.మీ. ప్లైవుడ్ రింగులు అడుగున, నడుమ, పైన. రింగు లోపలి వ్యాసం ఫిన్ల (రాకెట్ తోక రెక్కల) చివరలకన్నా కనీసం 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. మంట తగిలే చోట వాలుగా ఒక ఇనప రేకు. రాకెట్‌కు లాంచ్ లగ్ (మామూలుగా వాడే ఒంటి లాంచ్ రాడ్డు మీద జారడానికి పక్కన అతికించే చిన్న గొట్టం) అక్కర్లేదు, గాలి అడ్డు ఆ మేరకు తగ్గుతుంది.

పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బోల్టు ఒత్తిడిలో ఉన్న ముక్క అంతకుముందే మెల్లగా వంగడం మొదలుపెడుతుంది. నల్ల రంగుదైతే మిట్టమధ్యాహ్నపు ఎండే చాలు. ఈ టవర్‌లో జరిగింది అదే. రాకెట్‌ను పైనుంచి దింపినప్పుడు జారుడుగానే దిగింది. అది అడుగున కూర్చుని ఉండగా నడుమ రింగు దగ్గరి బ్రాకెట్ సాగి కడ్డీ లోపలికి వచ్చేసింది. బిగుసుకున్న చోటు రాకెట్ ముక్కుకు పైన ఉంది కాబట్టి చేత్తో కదిపి చూసినా తెలియదు. మోటారు అంటుకుంది, రాకెట్ సగం దూరం ఎక్కి ఇరుక్కుంది, థ్రస్ట్ అయిపోయేదాకా మంట కింది ప్లైవుడ్‌ను కాల్చింది. డిలే (మోటారులో ఆలస్యంగా కాలే భాగం) ముగిశాక, పారాచూట్‌ను బయటికి నెట్టే ఎజెక్షన్ చార్జి టవర్‌లోనే పేలి, పారాచూట్ కరిగి ముద్దయింది. ఇలాంటప్పుడు మోటారు అంటించే స్విచ్ పెట్టెలోని సేఫ్టీ కీ తీసి, కనీసం 60 సెకన్లు ఆగాకే దగ్గరికి వెళ్లాలి. ఎజెక్షన్ పేలలేదనిపిస్తే ఇంకా ఆగాలి.

బ్రాకెట్ల స్థానంలో ఎం4 (4 మి.మీ.) మర కడ్డీలు పెట్టాక టవర్ స్వభావమే మారింది. అల్యూమినియం కడ్డీకి బయటి వైపు 3.3 మి.మీ. రంధ్రం, 5 మి.మీ. లోతు, దానిలో ఎం4 ట్యాప్‌తో మర. లోపలి ముఖం నున్నగానే మిగలాలి. మర కడ్డీ రింగులోంచి బయటికి వస్తుంది, రింగుకు ఇరువైపులా ఒక్కో నట్టు. ఎం4 మర ఒక చుట్టుకు 0.7 మి.మీ. జరుగుతుంది కాబట్టి నట్టు పావు చుట్టుకు కడ్డీ 0.18 మి.మీ. కదులుతుంది. ఇంత సన్నటి సర్దుబాటు ఏ బ్రాకెట్‌తోనూ రాదు.

రాకెట్‌కూ కడ్డీలకూ మధ్య సందు పెట్టడానికి గేజ్ కొనక్కర్లేదు. రాకెట్ సైజే ఉన్న బాడీ ట్యూబ్ ముక్కకు మామూలు ప్రింటర్ కాగితం మూడు చుట్లు చుట్టి (చుట్టుకు 0.1 మి.మీ.), మూడు రింగుల దగ్గరా కడ్డీలు దానికి ఆనేలా నట్లు బిగించి, కాగితం తీసేయాలి. 0.3 మి.మీ. సందు మిగులుతుంది. ఇంతకన్నా బిగిస్తే మసికి చోటుండదు, వదులైతే రాకెట్ ఊగుతూ వాలి బయటికొస్తుంది. మోటారు హుక్ (మోటారు జారకుండా పట్టే లోహపు పట్టీ) ఉబ్బు కడ్డీల మధ్య ఖాళీలోకి వచ్చేలా చూడండి. కడ్డీ కిందికి వస్తే ఏ సందూ కాపాడదు.

బ్లాక్ పౌడర్ మసిలోని లవణాలు తేమ పీల్చి జిగురెక్కుతాయి. మూడు నాలుగు ప్రయోగాలకోసారి తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే సరిపోతుంది. నూనె రాయొద్దు, దుమ్ము పట్టేస్తుంది. మామూలు ఇనుప కడ్డీలైతే తుప్పు గొడవ అదనం.

అడుగున కాస్త వదిలేస్తే పనికొచ్చే పొడవు మీటరు. నికర త్వరణం గురుత్వానికి పది రెట్లుంటే మీటరు దాటేసరికి వేగం సెకనుకు 14 మీటర్లు, రాకెట్ తిన్నగా ఎగరడానికి చాలు. బరువైన రాకెట్‌కు చిన్న మోటారు పెట్టేవాళ్లకు ఈ పొడవు చాలదు.

లగ్ లేకపోవడం వల్ల లాభం గురించి పైన అన్నదాన్ని కాస్త తగ్గించి చదువుకోండి. 18 మి.మీ. మోటారు ఒరుసుకుంటూ పట్టే సన్నటి రాకెట్లకే అది నిజంగా లెక్కలోకి వస్తుంది. లావు రాకెట్లకు రాడ్డే నయం. వ్యాసం మారినప్పుడల్లా తొమ్మిది చోట్ల నట్లు తిప్పాలి. ఒకే సైజు, మూడు ఫిన్ల రాకెట్లు ఎగరేస్తాం కాబట్టి మాకు అది భారం కాలేదు. నాలుగు ఫిన్ల వాటికి నాలుగు కడ్డీల టవర్ వేరే కట్టుకోవాల్సిందే.