జాగ్రత్త: నంబరు పోర్ట్ పెట్టే ముందు పాత బిల్లును వరుస వరుసా చదవండి

పోస్ట్‌పెయిడ్ నంబరును మరో కంపెనీకి మార్చుకోవాలని చూస్తున్నవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. బిల్లు తగ్గుతుందన్న ఆశతో నేను ఈమధ్యే కంపెనీ మారాను. తగ్గకపోగా నెలకు 118 రూపాయల అదనపు భారం పడింది. ఈ చిక్కు ఏ కంపెనీ దగ్గరైనా ఎదురుకావచ్చు కనుక ఇక్కడ ఎవరి పేరూ చెప్పడం లేదు.

మారడానికి ముందు నెలలో నాకు వచ్చిన బిల్లు 811 రూపాయల 84 పైసలు. అట్టడుగున ఉన్న ఆ మొత్తం తప్ప పైనున్న వివరాలేవీ నేను చదవలేదు. మా వీధి మలుపులో ఉన్న మొబైల్ షాపు ఏజెంటు 549 రూపాయల ప్లాను చూపించి, "నెలకు ఇంతేనండీ, మీకు రెండు వందల అరవైకి పైనే మిగులుతుంది" అన్నారు. ఆ మాట నమ్మి, 1900కు ఎస్ఎంఎస్ పంపి పోర్టింగ్ కోడ్ తెప్పించుకుని, ఆ సాయంత్రమే దరఖాస్తు ఇచ్చేశాను.

కొత్త కంపెనీ పంపిన మొదటి బిల్లు 906 రూపాయల 95 పైసలు. అప్పుడు గానీ రెండు బిల్లులనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

పాత బిల్లులో ప్లాను అద్దె 449 రూపాయలే. ఎప్పుడు ఒప్పుకున్నానో కూడా గుర్తులేని ఒక గేమ్స్ సేవకు 99, మస్కట్‌లో ఉన్న మా బావగారికి చేసిన కాల్‌కు 40, గడువు దాటి కట్టినందుకు 100 రూపాయలు దానికి కలిశాయి. ఆ 688 మీద 18 శాతం జీఎస్‌టీ 123 రూపాయల 84 పైసలు. అంటే గేమ్స్ సేవను ఆపించి, వేళకు బిల్లు కట్టి, విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ ద్వారా చేసుకుని ఉంటే, పాత కంపెనీలోనే పన్నుతో కలిపి 529 రూపాయల 82 పైసలకు సరిపోయేది. కొత్త ప్లాను 549 కాదు, జీఎస్‌టీతో 647 రూపాయల 82 పైసలు. మొదట్లో చెప్పిన 118 రూపాయల అదనపు భారం ఈ రెండు అంకెల మధ్య తేడానే. పన్నూ జరిమానాలూ కలిసిన ఒక అంకెను పన్ను కలవని మరో అంకెతో పోల్చడమే నేను చేసిన తప్పు. షాపులో నాకు ఆ తేడా ఎవరూ చెప్పలేదు. ప్రకటనలో మాత్రం జీఎస్‌టీ అదనమన్న మాట చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటి బిల్లు 906 దాకా వెళ్లడానికి మరో కారణం ఉంది. బిల్ సైకిల్ (ఒక్కో బిల్లుకు లెక్కవేసే నెల రోజుల గడువు) మధ్యలో కనెక్షన్ తీసుకున్నందువల్ల, గడిచిన 12 రోజులకు దామాషా ప్రకారం 219 రూపాయల 60 పైసలతో పాటు రాబోయే నెల అద్దెను కూడా ముందుగానే వేశారు. ఇది మోసం కాదు; కానీ చేరే రోజునే చెప్పవలసిన మాట. అందువల్ల బిల్ సైకిల్ ఏ తేదీన మొదలవుతుందో, అద్దె ముందుగా వేస్తారో నెల గడిచాక వేస్తారో తప్పక అడగండి.

ప్రీపెయిడ్‌తో పోల్చేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రీచార్జి ధరలో జీఎస్‌టీ కలిసే ఉంటుంది, కానీ చాలా ప్లాన్ల గడువు నెల కాదు, 28 రోజులు. అలా ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు అవుతాయి. ఉదాహరణకు 28 రోజులకు 349 రూపాయలైతే ఏడాదికి 4,537, అంటే నెలకు సుమారు 378. పోస్ట్‌పెయిడ్ అద్దెకు 18 శాతం కలిపిన తరువాతే ఈ అంకె పక్కన పెట్టాలి. 30 రోజుల గడువున్న ప్లాను కనీసం ఒకటైనా ఉంచాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది కాబట్టి దాని ధర కూడా అడిగి తెలుసుకోండి.

కనీసం మూడు నెలల బిల్లులు తెరిచి, అద్దె ఎంత, ప్లాను బయటి వాడకం ఎంత, అదనపు సేవలు ఎంత, జరిమానాలు ఎంత అని విడివిడిగా రాసుకోండి. ఒక్క నెల బిల్లు చాలదు, ఎందుకంటే పండుగ నెలలోనో ప్రయాణపు నెలలోనో వాడకం మామూలుగా ఉండదు. కోరకుండా తగులుకున్న సేవలను ఆపించడానికి 155223 నంబరు ఉంది. బిల్లుపై అభ్యంతరం ఉంటే కస్టమర్ కేర్‌కు చెప్పి ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. వారి జవాబు సంతృప్తికరంగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి రుసుము లేకుండా వెళ్లవచ్చు. ట్రాయ్ విడివిడి వినియోగదారుల ఫిర్యాదులను తాను స్వయంగా విచారించదు.

వెనక్కి వెళ్లిపోదామంటే, ఒకసారి పోర్ట్ అయిన నంబరును 90 రోజుల దాకా మళ్లీ పోర్ట్ చేయడానికి వీల్లేదు. పాత కంపెనీ తుది బిల్లు కూడా కట్టేయాలి, కట్టకపోతే కొత్త కంపెనీలో ఉన్న కనెక్షన్ కూడా నిలిచిపోయే ప్రమాదం ఉంది. నేను ఆ బకాయి కట్టి రసీదు దాచుకుని, 90 రోజులు ఎప్పుడు నిండుతాయో క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను.