పెంటాటోనిక్ ఐదు బాక్సులతో ఏడేళ్లు: నా అనుభవం

గిటార్ క్లాసులో చేరిన రెండో నెలలో మా మాస్టారు ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. దాని మీద పక్కపక్కనే ఐదు బొమ్మలు, ఒక్కో బొమ్మలో పన్నెండేసి నల్ల చుక్కలు. "ఈ ఐదూ చేతికి వచ్చేస్తే నెక్ మొత్తం నీదే" అన్నారు. నెక్ అంటే తీగల కింద వేళ్లు పెట్టే పొడవాటి భాగం. ఆ మాటకి ఏడేళ్లు దాటింది. కాగితం ఇప్పటికీ నా గిటార్ బ్యాగు జేబులోనే ఉంది. మడతల దగ్గర చిరిగితే టేపు వేసుకున్నాను.

పెంటాటోనిక్ బాక్సులు నేర్చుకోవాలా, అనవసరమా అని ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. తప్పకుండా నేర్చుకోండి. కాకపోతే నాకు నేర్పిన వరసలో మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరం. మేజర్ స్కేల్లో, అంటే ఆ స్వరాల వరసలో, ఏడు స్వరాలుంటాయి. సి మేజర్లో అయితే ఎఫ్, బి తీసేస్తే సి, డి, ఇ, జి, ఏ మిగులుతాయి. ఈ ఐదు స్వరాల వరసే పెంటాటోనిక్. పక్కపక్కనే ఒక్క ఫ్రెట్ (నెక్ మీది లోహపు గీతల మధ్య గడి) దూరంలో ఉండే జంటలు ఇందులో లేవు కాబట్టి ఏ స్వరం తర్వాత ఏది వాయించినా చెవికి ఇబ్బందిగా అనిపించదు. ఈ ఐదు స్వరాలే 'ఏ' స్వరం నుంచి మొదలుపెడితే 'ఏ' మైనర్ పెంటాటోనిక్. ఒక్కో తీగకి రెండు స్వరాల చొప్పున నెక్ అంతా పరిస్తే ఐదు ఆకారాలు వస్తాయి. వాటినే బాక్సులనీ, పొజిషన్లనీ అంటారు. మొదటి బాక్సు ఐదో ఫ్రెట్ దగ్గర. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఫ్రెట్ల నంబర్లు 5-8, 5-7, 5-7, 5-7, 5-8, 5-8.

మొదటి ఏడాదంతా నేను ఆ ఒక్క బాక్సులోనే ఉండిపోయాను. రోజూ మెట్రోనోమ్ (లయ కోసం టిక్కుమని కొట్టేది) నిమిషానికి 60లో పెట్టుకుని పైకీ కిందకీ వాయించేవాణ్ణి. వేళ్లకి కాయలు కాసి గట్టిపడ్డాయి, వేగం కూడా వచ్చింది. రెండో ఏడాది మిగతా నాలుగు బాక్సులూ బట్టీ పట్టాను. కళ్లు మూసుకుని వాయించగలిగేవాణ్ణి. అయినా ఏ చుక్క ఏ స్వరమో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. ఆ కాగితంలో చుక్కలన్నీ నలుపే కదా, వాటిలో రూట్ (స్కేల్ మొదలయ్యే స్వరం) ఏదో ఎక్కడా గుర్తు లేదు. ఈ పద్ధతి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.

ఆ లోటు సంక్రాంతికి బయటపడింది. ఇంట్లో బొమ్మల కొలువు పేరంటం. మా పిన్ని సంగీతం బాగా నేర్చుకున్న మనిషి, మోహన రాగంలో ఒక పాట అందుకుంది. ఆమెది ఆరు శృతి, అంటే ఆమె సా గిటార్ మీద 'ఏ' స్వరం. నన్ను పక్కన వాయించమంది. 'ఏ' అనగానే నా చెయ్యి అలవాటుగా ఐదో ఫ్రెట్ దగ్గర మొదటి బాక్సుకి వెళ్లిపోయింది. రెండు లైన్లు అయ్యాక పిన్ని పాట ఆపి, "నాన్నా, నీ గాంధారం తక్కువ పలుకుతోంది, చూసుకో" అంది మెల్లగా. నిజమే. మోహనకి కావలసింది అంతర గాంధారం, 'ఏ' శృతిలో అది సి షార్ప్ (సి కంటే ఒక ఫ్రెట్ పైది). నేను వాయిస్తున్నది సి. మోహనలో లేని మధ్యమం, నిషాదం కూడా నా బాక్సులో ఉన్నాయి. వేళ్లు నేర్చుకున్న చోటే తిరుగుతున్నాయి, పాట మాత్రం వేరే చోట ఉంది. ఆ సాయంత్రం మళ్లీ గిటార్ ముట్టుకోలేదు.

నిజానికి నాకు తెలియాల్సింది చిన్న విషయం. అదే బాక్సుని మూడు ఫ్రెట్లు వెనక్కి, రెండో ఫ్రెట్‌కి జరిపితే సరిపోయేది. ఆకారం మారదు. లావు తీగ మీద చూపుడు వేలు రెండో ఫ్రెట్‌లో ఎఫ్ షార్ప్ మీద ఉంటుంది, చిటికెన వేలు ఐదో ఫ్రెట్‌లో 'ఏ' మీద. చిటికెన వేలి కిందదే షడ్జమం (సా) అనుకుని వాయిస్తే అది అచ్చంగా మోహన.

మర్నాడు పొద్దున్నే ఎర్ర పెన్ను, నీలం పెన్ను తీసుకుని ఆ కాగితం ముందు కూర్చున్నాను. మొదటి బాక్సులో మూడు 'ఏ'లు ఉన్నాయి: ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) ఐదో ఫ్రెట్, నాలుగో తీగ ఏడో ఫ్రెట్, ఒకటో తీగ ఐదో ఫ్రెట్. వాటికి ఎరుపు. 'సి'లు కూడా మూడే: ఆరో తీగ ఎనిమిది, మూడో తీగ ఐదు, ఒకటో తీగ ఎనిమిది. వాటికి నీలం. ఎరుపుని సా అనుకుంటే శుద్ధ ధన్యాసి రాగం, నీలాన్ని సా అనుకుంటే మోహన. చిన్నప్పుడు పాడిన, మోహనలోని వరవీణా గీతం గుర్తొచ్చి, నీలం చుక్కని షడ్జమం చేసుకుని వెతికాను. "గగ పా పా దప సా సా". గాంధారం ఐదో తీగ ఏడో ఫ్రెట్‌లో, పంచమం నాలుగో తీగ ఐదులో, ధైవతం అదే తీగ ఏడులో, పై షడ్జమం మూడో తీగ ఐదులో. చెయ్యి కదపకుండా అదే బాక్సులో దొరికాయి. రెండేళ్లుగా నేను వ్యాయామం చేస్తున్న చోటే నాకు తెలిసిన పాట ఉంది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను.

కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకి ఇంకో సంగతి. ఒక్కో బాక్సు లావు తీగ మీద ఏ స్వరంతో మొదలవుతుందో దాన్నే సా అనుకుని ఐదు స్వరాలూ వాయించి చూడండి. మొదటిది శుద్ధ ధన్యాసి, రెండోది మోహన, మూడోది మధ్యమావతి, నాలుగోది హిందోళం, ఐదోది శుద్ధ సావేరి. మనవాళ్లు గ్రహభేదం అనేది ఇదే. స్వరాలు వాయించినంత మాత్రాన రాగం వచ్చేసినట్టు కాదు, ఆ మాట పిన్ని ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది. కానీ ఐదు బొమ్మలకీ ఐదు పేర్లు, ఐదు మొహాలు వచ్చాయి. ఆ తర్వాత ఒకదాన్ని ఇంకోటిగా పొరబడలేదు.

బాక్సులు బట్టీ పట్టడానికి అంత కష్టంగా ఎందుకుంటాయో కూడా ఆలస్యంగానే అర్థమైంది. చిక్కంతా రెండో తీగ దగ్గరే. మిగతా తీగల మధ్య తేడా ఐదు ఫ్రెట్లు, మూడో తీగకీ రెండో తీగకీ మధ్య మాత్రం నాలుగు. అందుకే అక్కడికి వచ్చేసరికి ఆకారం ఒక ఫ్రెట్ ముందుకి జరుగుతుంది. ఈ కారణం ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు కొన్ని నెలలు కలిసొచ్చేవి.

బాక్సుల గోడలు దాటించింది మాత్రం ఏటవాలు దారి. ఆరో తీగ మీద 3, 5. ఐదో తీగ మీద 3, 5, 7. నాలుగో తీగ మీద 5, 7. మూడో తీగ మీద 5, 7, 9. రెండో తీగ మీద 8, 10. ఒకటో తీగ మీద 8, 10, 12. రెండు, మూడు, రెండు, మూడు, రెండు, మూడు. అవే జి, ఏ, సి, డి, ఇ మూడు స్థాయిల్లో వస్తాయి, వేళ్లు పెట్టే తీరు కూడా మూడుసార్లూ ఒకటే. మూడేసి స్వరాలున్న తీగ మీద ఉంగరం వేలితో పైకి జారితే చాలు. మూడో ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లిపోవచ్చు. ఇది తెలిశాకే నా వాయిద్యం వ్యాయామంలా కాకుండా పాటలా వినిపించిందని ఇంట్లోవాళ్లు అన్నారు.

బెండింగ్ (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) గురించి ఒక హెచ్చరిక. పాఠాల్లో మూడో తీగ ఏడో ఫ్రెట్‌ని తొమ్మిదో ఫ్రెట్ స్వరం పలికేదాకా లాగమంటారు. నా మొదటి గిటార్ అకూస్టిక్, 12 గేజ్ (మందం) తీగలు. వాటిలో మూడో తీగకి లోహపు చుట్టు ఉంటుంది, అది ఎంత లాగినా అంత దూరం రాదు. వేలు నొప్పే మిగిలింది. చేతకావడం లేదని కుంగిపోకండి, అది తీగ స్వభావం. తర్వాత ఎలక్ట్రిక్ కొనుక్కుని 10 గేజ్ వేశాక తేలిగ్గా పలికింది. ఫ్రెట్లున్న వాయిద్యం మీద గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) రాదనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఫ్రెట్లున్న మాండలిన్ మీదే కర్ణాటక సంగీతం వాయించిన, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీ ఒక్కటి వింటే ఆ అనుమానం తీరిపోతుంది.

ఈ పద్ధతితో తీరనివి కూడా ఉన్నాయి. కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మారే పాటల్లో ఏ కార్డు మీద ఏ స్వరం దగ్గర ఆగాలో బాక్సులు చెప్పవు, దానికి కార్డుల్లోని స్వరాలు విడిగా నేర్చుకోవాలి. ఐదు స్వరాలకి అలవాటు పడ్డ చెయ్యి మిగతా రెండింటి జోలికి వెళ్లడానికి మొరాయిస్తుంది. కళ్యాణి లాంటి ఏడు స్వరాల రాగం ఎత్తుకుంటే నాకు ఇప్పటికీ మధ్యమం దగ్గర తడబాటే.

ఇప్పుడు మా అక్క కొడుకు ఆదివారాలు నా దగ్గరికి వస్తున్నాడు. వాడికి ఇంకా ఐదు బొమ్మల కాగితం ఇవ్వలేదు. మొదటి నెల నెక్ మీద 'ఏ'లు, 'సి'లు వెతికించాను. రెండో నెల మొదటి బాక్సులో సగమే, పై మూడు తీగలు. పోయిన వారం వాడే అడిగాడు, "మామయ్యా, ఐదో ఫ్రెట్ నుంచి సా అంటే ఒకలా ఉంది, ఎనిమిది నుంచి సా అంటే ఇంకోలా ఉంది, ఎందుకు?" అని. వచ్చే ఆదివారం ఎర్ర పెన్ను, నీలం పెన్ను తెచ్చుకోమన్నాను.