ఇంటి సాక్ష్యమా, సభలో పనా? ఎమ్మెల్యేను దేంతో తూయాలి

"ఇంటిని ఏలుకోలేనోడు నియోజకవర్గాన్ని ఏం ఏలతాడ్రా?"

చిత్తూరులో ఆదివారం ఆరాధన ముగిసి చెట్టు కింద చేరినప్పుడు మా చిన్నాయన ఈ మాట అనని ఎలక్షన్ లేదు. ఆయన చూసేవి నాలుగే. భార్యాబిడ్డలతో చర్చికి వస్తాడా? తాగుడు లేదా? చిన్నిల్లు లేదా? పిల్లలు బుద్ధిమంతులేనా? ఇవి సరిపోతే ఓటు పడినట్టే. చాలా ఏళ్లు నేనూ ఇలాగే ఓటేశాను. ఇప్పుడు మాత్రం ముందు ఆ మనిషి చేసిన పని చూస్తున్నాను, తర్వాతే ఇల్లు. ఇందులో ఏది మేలని మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

చిన్నాయన మాట గాలిలోంచి పుట్టింది కాదు. బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, తన ఇంటిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు అడుగుతాడు. అయితే ఆ మాట సంఘానికి పెద్దగా ఉండేవాడి గురించి. జనానికి తీర్పు చెప్పే అధికారులను ఎన్నుకోవడం గురించైతే నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయం చూడాలి. అక్కడ మామ యిత్రో మోషేకు చెప్పినవి వేరు: సమర్థత ఉండాలి, దేవుడంటే భయం ఉండాలి, నిజం మీద నిలబడాలి, లంచం ముట్టకూడదు. దైవభక్తి అందులో ఉంది, కాదనను. దాని పక్కనే మిగతా మూడూ ఉన్నాయి. మనం ఆ ఒక్కదాన్నే పట్టుకుని మిగతావి వదిలేశాం.

బైబిల్లో ఇశ్రాయేలుకు న్యాయాధిపతిగా ఉన్న సమూయేలునే తీసుకోండి. తాను ఎవరి ఎద్దునూ, ఎవరి గాడిదనూ తీసుకోలేదని జనం ముందు నిలబడి చెప్పగలిగాడు, జనమూ ఒప్పుకున్నారు. ఆయన కొడుకులు మాత్రం బెయేర్షెబాలో లంచాలు తిన్నారు. చిన్నాయన కొలతతో చూస్తే సమూయేలుకు ఓటు పడదు.

మన ప్రాంతంలో ఈ కొలతకు ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 అసెంబ్లీ స్థానాలుంటే వాటిలో గంగాధర నెల్లూరు, పూతలపట్టు, సత్యవేడు ఎస్సీ రిజర్వుడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలుగా లెక్కకు వస్తారు. క్రైస్తవుడినని చెప్పుకున్నవాడికి ఆ హోదా ఉండదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సీ కిందికి వస్తారు. చదువుకు, ఉద్యోగానికి 1 శాతం రిజర్వేషన్ ఉంటుంది, ఎస్సీ సీటులో నిలబడే హక్కు ఉండదు. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది.

ఇప్పుడు ఆలోచించండి. ఈ మూడు స్థానాల్లో నిలబడిన మనిషిని "చర్చిలో లేచి నీ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పు, అప్పుడే నువ్వు మనవాడివి" అంటే మనం అడుగుతున్నది ఏమిటి? నిజంగా విశ్వాసి అయితే సీటు పోగొట్టుకోమంటున్నాం. కాకపోతే అబద్ధం ఆడమంటున్నాం. ఇక్కడ ఒకమాట, అక్కడ ఒకమాట మాట్లాడేవాళ్లను మనమే తయారుచేసి, తర్వాత వాళ్లకు నిలకడ లేదని తిడుతున్నాం. ఈ మాట పెద్దల ముందు అన్నప్పుడు నా గొంతు వణికింది. ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్లలో సగం మంది ఇళ్లలో ఈ ఎస్సీ సర్టిఫికెట్ టెన్షన్ ఉంది.

చట్టం కూడా ఒకటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి పద్ధతి. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3 తేడాతో తేల్చింది. పాస్టరుగారి చేత ప్రసంగంలో పేరు చెప్పించుకోవాలని చూసే నాయకుడు ఆయన్నీ ఇరుకులో పెడుతున్నాడు.

సరే, పనిని తూద్దామంటే అదీ అంత తేలిక కాదు. అమెరికాలో కొన్ని క్రైస్తవ కుటుంబ సంస్థలు రాష్ట్ర శాసనసభ్యులు ఏ బిల్లుకు ఎలా ఓటేశారో చూసి మార్కులు వేస్తాయి. ఇక్కడ ఆ మార్కులకు అర్థం లేదు. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక ఎలా ఓటెయ్యాలో చెబుతూ పార్టీ విప్ జారీ చేస్తే ఎమ్మెల్యే దాని ప్రకారమే చెయ్యెత్తాలి, కాదంటే పదవి పోవచ్చు. మందు సంగతే చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. నిషేధం తెచ్చిందీ, దాన్ని సడలించిందీ 1994 చివర్లో ఎన్నికైన ఆ సభే. ఆ ఎమ్మెల్యేల ఓటు చూసి కుటుంబాల మీద ఎవరికి ప్రేమ ఉందో ఎలా చెబుతాం?

అందుకే నేను ఓటును వదిలేసి, విప్ అంటని పనులు చూస్తాను. సభకు వెళ్లాడా? అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు ప్రకటించే అధికారం రాజ్యాంగం 190(4) కింద సభకు ఉంది. అంటే హాజరు చిన్న విషయం కాదు. మన నియోజకవర్గం మీద ప్రశ్న వేశాడా? సమాధుల తోటకు స్థలం అడిగి కాగితాలు పట్టుకుని తిరిగే సంఘాలతో ఆఫీసు దాకా వచ్చాడా? ఊళ్లో బెల్టు షాపు మీద ఫిర్యాదు ఇస్తే ఎవరి పక్షాన ఫోన్ చేశాడు?

ఈ చివరిది మా ఇంటి గాయం. ఒకసారి సెమీ క్రిస్మస్‌కు వచ్చిన ఒక నాయకుడు తన కుటుంబ ప్రార్థన గురించి చాలా చక్కగా మాట్లాడాడు. చిన్నాయన ముందు వరుసలో కూర్చుని ఆమెన్ అన్నాడు. చిన్నాయన కూతుర్ని ఇచ్చిన ఊళ్లో బెల్టు షాపు నడిపేది ఆ నాయకుడి మనిషే. మా చెల్లెలి మొగుడి కూలి డబ్బులు సాయంత్రానికి అక్కడే అయిపోయేవి. నాయకుడు తాగడు, నిజమే. ఆయన ఇల్లు బాగుంది. మా చెల్లెలి ఇల్లు కూలిపోయింది.

ఇంతమాత్రాన ఇంటి సంగతి పక్కన పెట్టేయమని అనను. భార్యను కొట్టేవాడు ఆడవాళ్ల కోసం సభలో నోరు విప్పుతాడంటే నేను నమ్మను. అయితే అది తెలుసుకోవడానికి పుకార్లు అక్కర్లేదు, నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఉంది. పెండింగ్ కేసులు, ఆస్తులు, అప్పులు అందులో రాయాలి. భార్య పేరునా, ఆధారపడిన పిల్లల పేరునా ఉన్నవి కూడా చూపాలి. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వల్ల ఓటరుకు వచ్చిన హక్కు ఇది. భార్యను హింసించిన కేసు నడుస్తుంటే అది అక్కడ కనబడుతుంది. పాత ఎన్నిక అఫిడవిట్, కొత్తది పక్కపక్కన పెడితే ఐదేళ్లలో ఆస్తి ఎంత పెరిగిందో తెలుస్తుంది. యిత్రో చెప్పిన నాలుగో గుణానికి, అంటే లంచం ముట్టకపోవడానికి, నాకు దొరికిన కొలత అదే. ఇల్లూ పనీ రెండూ ఒకే చోట కనబడే కాగితం కూడా నాకు తెలిసి ఇదొక్కటే.

పోయిన నెల పెద్దలం కూర్చుని, ఈసారి క్రిస్మస్‌కు ఏ నాయకుడు వచ్చినా సాక్ష్యం అడగకూడదని, మైకు ఇస్తే ప్రశ్నలకు జవాబు చెప్పడానికే ఇవ్వాలని అనుకున్నాం. సమాధుల తోట, సభలో హాజరు అని నేను రాశాను. చిన్నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కాగితం తన వైపు లాక్కుని, నా రెండింటికీ పైన ఖాళీలో ఆ ఊరి పేరు, దాని పక్కన "బెల్టు షాపు" అని రాశాడు.