యూజీ, పీజీ కలిపి ఒకే కోర్సు: చివర్లో టర్మ్ పేపరా, విడిగా సెమినారా, రెండంచెల ప్రశ్నలా?

ఒకే పాఠాన్ని యూజీ, పీజీ విద్యార్థులకు కలిపి చెప్పేటప్పుడు పీజీ వాళ్ల స్థాయి పెంచడానికి మామూలుగా మూడు దారులు ఉన్నాయి: సెమిస్టర్ చివర్లో అదనంగా టర్మ్ పేపర్ (ఒక అంశంపై సుదీర్ఘ వ్యాసం), పీజీ వాళ్లకు విడిగా సెమినార్ గంట, ప్రతి అసైన్‌మెంట్‌లోనూ రెండంచెల ప్రశ్నలు (మొదటి అంచె అందరికీ, రెండోది పీజీ వాళ్లకు).

ఎక్కువగా కనిపించేది టర్మ్ పేపరే. సిలబస్‌లో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది కదా! కానీ పేపర్ ఎలా రాయాలో ఎవరూ చెప్పరు. ఆఖరి వారంలో తలా ఇరవై పేజీలు వచ్చి పడతాయి. దిద్దేసరికి కోర్సు ముగిసిపోతుంది, మనం రాసిన వ్యాఖ్యలు చదివేవాళ్లుండరు. ఈ దారే గతి అనుకుంటే పేపర్‌ని ముక్కలు చేయండి. 4వ వారంలో ఒక పేజీ ప్రతిపాదన, 8వ వారంలో ఐదారు పరిశోధన పత్రాల సమీక్ష, 11వ వారంలో చిత్తుప్రతి, 14వ వారంలో తుది ప్రతి. చిత్తుప్రతికి మార్కులు పెట్టకపోతే అది రానే రాదు.

చదువు పరంగా సెమినార్ మేలైనదే. కాకపోతే వారానికో గంటంటే 14 వారాలకు 14 గంటలు, దానికి తయారయ్యే సమయం వేరే. ఇదంతా పనిభారం లెక్కలోకి వస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. పీజీ వాళ్లు ముగ్గురే ఉంటే చర్చ సాగదు, అది ఇంకో పాఠంగా మారిపోతుంది.

నా ఓటు రెండంచెల ప్రశ్నలకే. అయితే రెండో అంచె అంటే అదే రకం లెక్కలు ఇంకో నాలుగు ఇవ్వడం కాదు, అడిగేదే వేరుగా ఉండాలి. లీనియర్ రిగ్రెషన్ (డేటాకు సరిపడే సరళరేఖను కనుక్కునే పద్ధతి) తీసుకోండి. డేటా ఫైలు అందరికీ ఒకటే. మోడల్ కట్టి, రెసిడ్యువల్స్ (అసలు విలువలకూ మోడల్ అంచనాలకూ మధ్య తేడాలు) గ్రాఫ్ గీసి, చుక్కలు గరాటులా విప్పారుతుంటే దాని అర్థమేమిటో చెప్పడం అందరి పని. అలా విప్పారినా కోఎఫిషియంట్ల (మోడల్‌లోని గుణకాల) అంచనాలు సగటున సరిగ్గానే ఉంటాయనీ, మామూలు స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) సూత్రమే పనికిరాదనీ నిరూపించడం పీజీ వాళ్ల పని. ఆపైన కంప్యూటర్‌లో కృత్రిమ డేటాతో వెయ్యిసార్లు సిమ్యులేట్ చేసి, 95 శాతం అని చెప్పుకునే ఇంటర్వెల్‌లో (కోఎఫిషియంట్‌కు అంచనా వేసిన పరిధిలో) అసలు విలువ నిజంగా ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాలి. పాఠం ఒకటే కాబట్టి క్లాసులో ఎవరికీ విసుగు రాదు. ఉత్సాహం ఉన్న యూజీ వాళ్లు ఈ భాగం ప్రయత్నించవచ్చు, కానీ దానికి బోనస్ మార్కులు పెట్టకండి. పెడితే రెండో వారానికల్లా అది అందరికీ తప్పనిసరి అయి కూర్చుంటుంది.

ఏ దారి పట్టినా గ్రేడ్ల దగ్గర జాగ్రత్త. రెండు గుంపుల్నీ కలిపి రిలేటివ్ గ్రేడింగ్ (ఒకరితో ఒకరిని పోల్చి గ్రేడ్లు ఇవ్వడం) చేస్తే ఎవరో ఒకరు నలుగుతారు, అదీ ప్రతిసారీ యూజీ వాళ్లే కారు. వేరే సబ్జెక్టు నుంచి వచ్చిన పీజీ విద్యార్థి, అదే సబ్జెక్టులో మూడేళ్లు చదివిన యూజీ విద్యార్థి కంటే పునాదుల్లో వెనకబడి ఉండొచ్చు. అందుకే మొదటి వారంలో మార్కుల్లేని అరగంట పరీక్ష పెట్టి చూసుకోవాలి. కోర్సు కోడ్‌లు రెండుంటే సిలబస్‌లూ రెండు రాయండి, మార్కుల విభజన దేనికది. ప్రాజెక్టులో మిశ్రమ బృందాలు వేస్తే కోడంతా పీజీ వాళ్లు రాసి, స్లైడ్లు యూజీ వాళ్లకు వదిలేస్తారు. ఒక్కొక్కరికీ ఐదు నిమిషాల వైవా పెడితే ఎవరేం చేశారో బయటపడుతుంది.

ఆ అరగంట పరీక్షలో ఒక గుంపులో సగం మందికి పునాదులే లేవని తేలితే మాత్రం ఈ మూడూ పక్కన పెట్టి, కోర్సుని రెండుగా విడగొట్టమని అడగండి.