కిడ్నీ డాక్టరు, కాన్పు డాక్టరు ఒకే గదిలో ఉండే క్లినిక్: మా చెల్లి అనుభవం

కిడ్నీ జబ్బు ముదిరిన ఆడవాళ్ళకి గర్భం విషయంలో ప్రత్యేకంగా చూసే క్లినిక్ ఇది. 5కి 4 స్టార్లు ఇస్తున్నా.

మా చెల్లికి కిడ్నీ జబ్బు స్టేజ్ 4, అంటే ఐదు దశల్లో నాలుగోది. పిల్లల ఊసే ఎత్తొద్దని చాలామంది చెప్పేశారు. ఇక్కడ నెఫ్రాలజిస్టు, గైనకాలజిస్టు పక్కపక్కనే కూర్చుని ఒకే ఫైలు చూస్తూ మాట్లాడారు, వద్దనీ అనలేదు, ఏం ఫర్వాలేదనీ అనలేదు. బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా (తల్లికీ బిడ్డకీ ప్రమాదం తెచ్చే గర్భిణుల బీపీ జబ్బు) రావచ్చు, బిడ్డ నెలలు నిండకుండానే పుట్టొచ్చు, మధ్యలో డయాలసిస్ మొదలుపెట్టాల్సి వస్తే కాన్పయ్యాక కూడా అది ఆగకపోవచ్చు అని అన్నీ విడమరిచి చెప్పి, నిర్ణయం చెల్లికీ మరిదిగారికీ వదిలేశారు. నాకు ఈ గౌరవం చాలా నచ్చింది.

గర్భం కోసం ప్రయత్నించకముందే మందులు మార్చారు. చెల్లి వాడే బీపీ మందు టెల్మిసార్టన్ కడుపులో బిడ్డకి హాని చేస్తుందని, లాబెటలాల్ అనే వేరే బీపీ మందుకి మార్చి, బీపీ అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారు. లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) వల్ల కిడ్నీ దెబ్బతిన్న ఇంకో అమ్మాయికైతే, దానికి వాడే మైకోఫెనలేట్ కూడా బిడ్డకి హాని చేసేదే కాబట్టి మాన్పించి, బదులుగా అజాథయోప్రిన్ మొదలుపెట్టి, కనీసం 6 వారాలు ఆగాలన్నారట. ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గడానికి మూడో నెల నుంచి చెల్లికి తక్కువ డోసు ఆస్పిరిన్ ఇచ్చారు.

ఐదో నెలలో డయాలసిస్ తప్పలేదు. మామూలుగా వారానికి 3 సార్లు, 4 గంటల చొప్పున చేస్తారు కదా, గర్భిణికి అది చాలదు, ఒంట్లో యూరియా పేరుకుంటే బిడ్డకి ప్రమాదం. కెనడా, అమెరికా పేషెంట్లను పోల్చిన 2014 నాటి పరిశోధనలో వారానికి 36 గంటలకు మించి చేయించుకున్నవాళ్ళలో 85 శాతం కాన్పుల్లో బిడ్డ ప్రాణాలతో పుట్టింది, 20 గంటలు దాటనివాళ్ళలో 48 శాతమే. అందుకే చెల్లికి దాదాపు రోజూ పెట్టారు. విపరీతంగా అలిసిపోయేది పాపం, కానీ ఎందుకు చేస్తున్నారో తెలుసు కాబట్టి ఒక్కటి కూడా మానలేదు.

స్టారు తగ్గించింది డయాలసిస్ యూనిట్ వల్ల. డ్రై వెయిట్ అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు, డయాలసిస్‌లో ఎంత నీరు తీయాలో దీన్నిబట్టే చూస్తారు. బిడ్డ పెరిగేకొద్దీ దీన్ని కూడా పెంచుకుంటూ పోవాలి, క్లినిక్ వాళ్ళు వారం వారం మార్చి రాసేవాళ్ళు. ఒకసారి యూనిట్‌లో పాత బరువే పట్టుకుని ఎక్కువ నీళ్ళు లాగేశారు, బీపీ పడిపోయి చెల్లికి కళ్ళు తిరిగాయి. డాక్టర్లు అంత జాగ్రత్తగా రాసింది మిషన్ దగ్గరున్నవాళ్ళకి చేరకపోతే ఎలా? ఇది వెంటనే సరిచేసుకోవాలి.

బాబు నెలలు నిండకుండానే పుట్టాడు, కొన్నాళ్ళు ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు, ఇప్పుడు బావున్నాడు. చెల్లి డయాలసిస్ మీదే ఉంది, ట్రాన్స్‌ప్లాంట్‌కి పేరు రాయించాం.

వెళ్ళాలనుకునేవాళ్ళు పిల్లల ఆలోచన వచ్చినప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకోండి, అప్పటిదాకా మందులు మీ అంతట మీరు ఆపెయ్యకండి. పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి, కిడ్నీ ఎంత వడపోస్తోందో క్రియాటినిన్‌ని బట్టి అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ లెక్క గర్భంలో సరిగా రాదు, అందుకని వాళ్ళు క్రియాటినిన్ ఎలా మారుతోందన్నదే చూస్తారు.